గడ్డకు పేరు పెట్టేముందు

(అనంతపురంలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమంటే చాలామంది 1895లో భీమవరంలో మొదలుపెడతారు. మద్రాసు మెడికల్ కాలేజీ, ఖద్దరు కట్టినందుకు పడిన ఇబ్బంది, 1923లో బోస్టన్ ప్రయాణం, హార్వర్డు, లెడర్లీ మందుల కంపెనీ అన్నీ చెప్పి, నోబెల్ రాలేదని బాధపడి ముగిస్తారు. ఆ బాధలో న్యాయం ఉంది. అయితే నేనివాళ ఆయన మందును పిల్లలకు ఇచ్చి చూసిన మనిషి దగ్గర మొదలుపెడతాను. పేరు సిడ్నీ ఫార్బర్. లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసినవాడు. లెడర్లీలో సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందది. ఆ వ్యాసం అచ్చయిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు పోయారు.

ఈ కథ చెప్పేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తూ ఉంటారు. ఫార్బర్ పాథాలజిస్టు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో స్లైడ్లు చూడటం ఆయన ఉద్యోగం. ఫోలిక్ ఆసిడ్ జాతి మందులు ఇచ్చిన పిల్లల ఎముక మజ్జలో జబ్బు ఇంకా జోరందుకున్నట్టు ఆయనకు కనిపించింది. అయితే ఫోలిక్ ఆసిడ్‌కు అడ్డుపడే మందు ఇచ్చి చూద్దామన్న ఆలోచన అక్కడ పుట్టింది. అంటే ఈ మందు రోగి దగ్గరకు వచ్చింది మైక్రోస్కోపు దారిలోనే. నేనూ ఆ వృత్తివాణ్ణే కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటే ఉండవచ్చు, మన్నించండి.

సుబ్బారావుగారి పనిలో లింఫ్ గ్రంథులకు, లింఫ్ నాళాలకు సంబంధించినవి ఇంకా ఉన్నాయి. బోదకాలు పురుగు లింఫ్ నాళాల్లో కాపురం పెడుతుంది. దానికి వాడే హెట్రజాన్ 1947లో ఆయన విభాగం నుంచి వచ్చింది. అమినాప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ కొన్ని లింఫోమాల్లో, అంటే లింఫ్ కణాల క్యాన్సర్లలో, వాడుతున్నాం. మందు అలమరలో ఉంది. అది ఫలానా మనిషికి ఇవ్వాలని చెప్పే కాగితం ఈ జిల్లాలో ఎట్లా తయారవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఇవాళ్టి నా విషయం.

లింఫ్ గ్రంథి అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కరలేదు. కాలికి తుమ్మముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని, చేతికి దెబ్బ తగిలితే చంకలో కడుతుందని కల్యాణదుర్గం చేలల్లో పనిచేసే ఏ ఆడమనిషైనా చెబుతుంది. లింఫ్ ఏ దారిన పోతుందో తెలిసిన జ్ఞానమే అది. ఒంట్లో ఇలాంటి గ్రంథులు వందల్లో ఉంటాయి. సూక్ష్మక్రిమి వచ్చినా, మందు పడకపోయినా, ఒంట్లోని రక్షణ వ్యవస్థ తనమీద తానే తిరగబడినా, ఎక్కడో పుట్టిన క్యాన్సరు వచ్చి చేరినా, చివరికి ఆ గ్రంథిలోని కణాలే అదుపు తప్పినా, పైకి కనిపించేది మాత్రం ఒక్కటే: గడ్డ.

మన దగ్గర మెడమీద గడ్డ అనగానే మొదట టీబీ గుర్తుకొస్తుంది. పాతకాలంలో గండమాల అన్నారు. గుర్తుకు రావడం తప్పు కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగోవంతు పైచిలుకు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీల్లో ఎక్కువ భాగం లింఫ్ గ్రంథులదే. మన పక్కనే మదనపల్లె ఆరోగ్యవరంలో నూరేళ్ళ కిందటే టీబీకి శానిటోరియం వెలిసింది. దేశంలో బీసీజీ టీకా మొదట వేసి చూసిందీ మదనపల్లెలోనే, 1948లో. రాయలసీమలో డాక్టరుకు టీబీ మీద అనుమానం ఉండాలి. లేకపోతేనే ప్రమాదం.

ఇక్కడ ఒక మనిషిని మీ ముందుకు తెస్తాను. పేరూ ఊరూ అడగొద్దు. చాలామందిని కలిపి ఒకరిగా చెబుతున్నాను. ఇంటర్ చదివే అమ్మాయి. హాస్టల్లో ఉంటుంది. మెడకు ఒక పక్క మూడు నాలుగు గడ్డలు, ముట్టుకుంటే నొప్పి, సాయంత్రం జ్వరం. సూది పరీక్ష చేశారు. రిపోర్టులో గ్రాన్యులోమా, అంటే టీబీలో కట్టే కణాల ముద్ద, అని స్పష్టంగా లేదు, చచ్చిన కణాల చెత్త ఉందని రాశారు. టీబీ క్రిమి కనిపించలేదు. ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. రెండు నెలలకు గడ్డలు కరిగిపోయాయి. అమ్మానాన్నలు సంతోషించారు, డాక్టరూ సంతోషించాడు. మందు పనిచేసింది కాబట్టి టీబీయే అని అందరూ నమ్మారు.

1972లో జపానులో కికుచి ఒకరు, ఫుజిమోటో ఇంకొకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒక జబ్బును వర్ణించారు. ఆసియాలోని యువతుల్లో ఎక్కువగా చూస్తాం. మెడ గ్రంథులు వాస్తాయి, జ్వరం వస్తుంది. గ్రంథి లోపల అక్కడక్కడా కణాలు చచ్చి, వాటి కేంద్రకాలు ముక్కలై పొడిలా రాలి ఉంటాయి. అంత కణనాశనం జరిగిన చోట గుంపుకట్టాల్సిన న్యూట్రోఫిల్ కణాలు మాత్రం ఉండవు. ఈ లేకపోవడమే గుర్తు పట్టడానికి దారి. ఈ జబ్బు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే పోతుంది. ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి మళ్ళీ ఆలోచించండి. మందులు తినకపోయినా రెండు నెలలకు గడ్డలు కరిగేవేమో. అలా జరిగి ఉంటే ఆ నయం మన పొరపాటుకు సాక్ష్యం చెప్పింది, మనం దాన్ని మన తెలివికి సాక్ష్యంగా తీసుకున్నాం. ఇలాంటి కేసుల్లో మనకు మన తప్పు ఎప్పటికీ తెలియదు. కికుచి జబ్బు మన దగ్గర అరుదని అనుకుంటాం. నిజంగా ఎంత అరుదో, టీబీ ఖాతాలో ఎంత జమ అయిందో తేల్చడానికి ఆ గ్రంథి ముక్క మన చేతిలో ఉండాలి కదా.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది, విద్యార్థులు రాసుకోండి. నిజమైన టీబీ గ్రంథి సరైన మందు పడుతుండగానే పెద్దదవ్వచ్చు, పక్కన కొత్తది లేవచ్చు. క్రిమి చస్తుంటే ఒళ్ళు చేసే హడావిడి అది. హెచ్‌ఐవీ ఉండి దాని మందులు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. కాబట్టి తగ్గింది కనక టీబీ అన్నా, తగ్గలేదు కనక టీబీ కాదన్నా, రెండూ చెల్లవు. మందును పరీక్షగా వాడే అలవాటు మనకు బాగా ఉంది. మరో దారి లేని చోట దాన్ని నేను తప్పుపట్టను. దారి ఉన్నచోట కూడా వాడటమే నాకు నచ్చదు.

హాడ్జ్‌కిన్ కథ వింటే టీబీ అని పొరబడటం మనకొక్కరికే పట్టిన తెగులు కాదని తెలుస్తుంది. లండన్ గైస్ ఆసుపత్రిలో మ్యూజియం చూసుకునే థామస్ హాడ్జ్‌కిన్ 1832లో గ్రంథులు, ప్లీహం పెరిగి చనిపోయిన ఏడుగురి గురించి ఒక వ్యాసం చదివాడు. అది ఎవరికీ పట్టలేదు. 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బుకు హాడ్జ్‌కిన్ పేరు పెట్టాడు. 1898లో వియన్నాలో స్టెర్న్‌బర్గ్ ఆ గ్రంథుల్లోని రాక్షసి కణాల్ని చక్కగా వర్ణించాడు గానీ, రోగుల్లో చాలామందికి టీబీ కూడా ఉండటంతో ఇది టీబీలోనే ఒక వింత రకమనుకున్నాడు. 1902లో బాల్టిమోర్‌లో డొరొతీ రీడ్ అనే యువ వైద్యురాలు, ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని తేల్చి చెప్పింది. ఇంకా వినండి. 1926లో ఫాక్స్ అనే వైద్యుడు గైస్ మ్యూజియంలో సీసాల్లో మిగిలి ఉన్న హాడ్జ్‌కిన్ నాటి ముక్కల్ని తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. కొన్ని అచ్చంగా ఆ జబ్బువే. ఏడుగురిలో అందరికీ మాత్రం అదే జబ్బు లేదని తరవాతివాళ్ళు తేల్చారు. జబ్బుకు పేరిచ్చిన మనిషి రాసిన మొదటి ఏడుగురిలోనే ఇతర జబ్బులవాళ్ళు కలిసిపోయారు. అది బయటపడింది ఎట్లా? తొంభై ఏళ్ళకు పైగా ఎవరో ఆ సీసాలు పారెయ్యకుండా ఉంచారు కాబట్టి.

హాడ్జ్‌కిన్ లింఫోమా ఇవాళ ఎక్కువమందిలో నయమయ్యే జబ్బు. అందుకే అది టీబీ పేరు కింద ఏడాది గడపడం చూస్తే నాకు కోపం వస్తుంది. పైగా హాడ్జ్‌కిన్ గ్రంథిలో కూడా గ్రాన్యులోమాలు ఉండొచ్చు. సూది ఆ గ్రాన్యులోమాలో దిగి, పక్కనున్న రాక్షసి కణాన్ని తప్పించుకుని వస్తే, రిపోర్టు టీబీ వైపే మొగ్గుతుంది.

సూది పరీక్షను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1904లోనే ఆఫ్రికాలో నిద్రజబ్బు క్రిమికోసం గ్రెగ్, గ్రే అనే ఇద్దరు వైద్యులు మెడ గ్రంథుల్లో సూది గుచ్చి రసం తీసి చూశారు. తక్కువ ఖర్చు, పది నిమిషాల పని, మత్తు అక్కరలేదు. మనలాంటి జిల్లాకు అంతకంటే అక్కరకొచ్చే పరీక్ష లేదు. రోసాయ్-డార్ఫ్‌మన్ అనే జబ్బు ఉంది. ఫ్రెంచి వైద్యుడు డెస్టోంబ్ 1965లో, రోసాయ్, డార్ఫ్‌మన్ 1969లో వర్ణించారు. పిల్లల్లో మెడ రెండు పక్కలా నిమ్మకాయలంత గడ్డలు. చూస్తే గుండె జారిపోతుంది. కానీ చాలామందిలో తీవ్రమైన మందులేవీ అక్కరలేదు. దీన్ని సూది పరీక్షలోనే, మామూలు గీమ్సా రంగులోనే పట్టుకోవచ్చు: పెద్ద హిస్టియోసైట్ కణం కడుపులో నాలుగైదు లింఫోసైట్లు అరగకుండా, నిక్షేపంగా కూర్చుని ఉంటాయి. ఒకసారి చూసినవాడు మరిచిపోడు. చూడనివాడికి మటుకు అదొక గజిబిజి. ఇలాంటి జబ్బును తాలూకా ఊళ్ళో మైక్రోస్కోపు ముందు కూర్చున్న ఒంటరి డాక్టరు కూడా చెప్పగలడు, పేరు ఒక్కసారి చెవిన పడి ఉంటే.

అయితే నాలుగు శెనక్కాయలు ఒలిచి చూసి విత్తనం పుచ్చిందో లేదో చెప్పగలం, చేను ఎట్లా ఉందో చెప్పలేం. సూదిలో వచ్చేవి కణాలు. అవి గ్రంథిలో ఎట్లా అమరి ఉన్నాయో తెలియాలంటే గ్రంథి మొత్తం కావాలి. లింఫోమా రకం తేల్చడానికి, కాసిల్మన్ జబ్బును పట్టడానికి ఆ అమరికే ఆధారం. కాసిల్మన్ కూడా పాథాలజిస్టే, బోస్టన్ మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో. 1950లలో ఛాతీలో పెరిగిన కొన్ని గడ్డల్ని థైమస్ కంతులనుకోకుండా విడిగా గుర్తించాడు. ఒక్కచోటే ఉన్న రకమైతే కోసి తీసేస్తే చాలా మటుకు సరిపోతుంది.

గ్రంథి తీసేటప్పుడు జరిగే పనుల గురించి వివరంగా మాట్లాడతాను. పెద్దలకు విసుగనిపిస్తే ఓర్చుకోండి, ఈ ఉపన్యాసంలో ముఖ్యమైనది ఇదే.

మొదటిది, ఏ గ్రంథి. గజ్జల్లోది చేతికి సులభంగా అందుతుందని అదే తీస్తారు. చెప్పుల్లేకుండా నడిచే మన రైతుకూలీల గజ్జల్లో పాత ముళ్ళ చరిత్రంతా ఉంటుంది. అందులో అసలు జబ్బు దొరక్కపోవచ్చు. కాలర్ ఎముక పైన, మెడ కింది భాగంలో ఉన్నదాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. ఎడమ పక్కదైతే కడుపులోని క్యాన్సరు పంపిన కబురు కావచ్చు.

రెండోది, సీసాలు. రెండుండాలి. గ్రంథిని రెండుగా కోసి ఒక భాగం పది శాతం ఫార్మలిన్‌లో, ఇంకో చిన్న ముక్క శుభ్రమైన సెలైన్‌లో. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది, అందులో పడ్డ ముక్కతో టీబీ కల్చర్ చెయ్యలేం. అంతా ఫార్మలిన్‌లో వేసి తరవాత టీబీ క్రిమిని పెంచి చూద్దామంటే పెరగదు. అంతా సెలైన్‌లో వేసి ఏప్రిల్ ఎండలో గుంతకల్లు నుంచి పంపితే నా బల్లమీదికి వచ్చేసరికి కుళ్ళి ఉంటుంది. కొందరు ముక్కను ఇంజెక్షన్ సీసాలో పంపుతారు. దాని మూతి సన్నగా ఉంటుంది. మెత్తగా ఉన్నప్పుడు దూరిన ముక్క ఫార్మలిన్‌లో గట్టిపడి బయటికి రాదు. సీసా పగలగొట్టి తీస్తున్నాం. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా ఎంత ఖరీదు చెప్పండి?

మూడోది, చీటీ. వయసు, ఎక్కడి గ్రంథి, ఎన్నాళ్ళ నుంచి, జ్వరం ఉందా, బరువు తగ్గిందా, టీబీ మందులు తిన్నారా, స్టెరాయిడ్ పడిందా. ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ఖాళీ. ఆర్‌ఎంపీ దగ్గర వేసిన సూది ఏమిటో రోగికి తెలియదు. స్టెరాయిడ్ పడితే లింఫోమా గడ్డ కొన్నాళ్ళు కరిగిపోతుంది, స్లైడులో గుర్తులు చెరిగిపోతాయి. ‘సూది ఏస్తే తగ్గిపాయ సార్, మళ్ళా ఈ పక్కన లేసె’ అన్న మాట రోగి నోట వస్తే, ఆ మాటనే చీటీమీద ఉన్నదున్నట్టు రాసి పంపండి. నాకు అది సగం రిపోర్టు.

ఆ చీటీలో ఇక్కడి నీళ్ళ గురించీ ఒక మాట ఉండాలి. నడుంనొప్పితో వచ్చిన ముసలాయన ఎక్స్‌రేలో ఎముకలు సున్నం కొట్టినంత తెల్లగా, దట్టంగా కనిపిస్తే బయటి ఊరి డాక్టరు ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకలకు పాకిందని భయపడతాడు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఒళ్ళు కూడా అట్లాగే కనిపిస్తుంది. మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే రాశారు. ముంజేతి రెండు ఎముకల నడుమ పొరకు సున్నం పట్టిందేమో ఒక్క ఎక్స్‌రే తీసి చూస్తే చాలా అనుమానం తీరుతుంది. ‘ఏ ఊరి నీళ్ళు తాగినావు పెద్దాయనా?’ అని అడగడం మన జిల్లాలో కంతి నిర్ధారణలో భాగమే.

ముక్క తియ్యాలి, తియ్యాలి అంటున్నాను కాబట్టి, తియ్యకూడనివి కూడా ఉన్నాయని చెప్పకపోతే అన్యాయం. పసిపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమాలో సూది గుచ్చితే కణాలు బయటికి పాకే ప్రమాదం ఉంది. కంటి పాపలో పిల్లి కన్నులా తెల్లటి మెరుపు కనిపించిందని తల్లి చెప్పిన మాట, కంటి డాక్టరు పరీక్ష, స్కానింగ్, వీటితోనే తేలుస్తారు. గర్భానికి సంబంధించిన కొరియోకార్సినోమా ముట్టుకుంటే రక్తం ఆగదు. అక్కడ హెచ్‌సీజీ రక్తపరీక్షే సాక్షి. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో నయం చేసి చూపించిన జబ్బు అదే. సుబ్బారావుగారు బతికుంటే అరవై ఒక్క ఏళ్ళ వయసులో ఆ వార్త వినేవారు.

అరుదు అంటే ఎంత? ఐరోపావాళ్ళ లెక్కలో ఏడాదికి లక్షమందికి ఆరుగురి కన్నా తక్కువమందికి వచ్చే క్యాన్సరు అరుదైనది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ నలుసంత. అన్నీ కలిపితే అక్కడి క్యాన్సర్లలో అయిదోవంతు దాటుతాయి. కాబట్టి ఫలానా అరుదైన కంతి నీ దగ్గరికి రాకపోవచ్చు గానీ, ఏదో ఒక అరుదైన కంతి తప్పకుండా వస్తుంది.

వచ్చినప్పుడు మనకేముంది? ఒకప్పటి కంటే ఎక్కువే ఉంది. 2000లో అనంతపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. బత్తలపల్లిలో స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగుల్ని ఏళ్ళ తరబడి చూస్తూ, ఇక్కడి రోగుల నుంచే నేర్చుకున్నది అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించింది. కరువు సీమలో కూర్చుని పరిశోధన చెయ్యలేమనేవాళ్ళకు అది జవాబు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మనది ఒకటి. కీమోథెరపీ ఖర్చుకు దారి దొరికింది. కానీ ఆ దారి తలుపు దగ్గర అడిగేది బయాప్సీ రిపోర్టు. ఆ రిపోర్టు రావడానికి ముందు అయ్యే ఖర్చు, తిరుగుడు చాలావరకు రోగిదే. లింఫోమా రకం చెప్పాలంటే సీడీ20, సీడీ3, సీడీ30, సీడీ15 లాంటి యాంటీబాడీ రంగులు వెయ్యాలి. వాటి కోసం, ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మను బెంగళూరు కిద్వాయ్‌కో, వేలూరుకో, హైదరాబాదుకో పంపాలి. తరచు రోగి కొడుకే దాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. ఎండ తగిలే చోట పెట్టొద్దని చెప్పి పంపండి, అది మైనం.

అసలు గండి అక్కడ కాదు. రిపోర్టు తయారయ్యేనాటికి మనిషి ఊళ్ళో ఉండడు. వాన పడలేదు, శెనక్కాయ ఎండిపోయింది, మొగుడూ పెళ్ళాం బెంగళూరికో కేరళకో పనికి పోయారు. చీటీలో ఇచ్చిన ఫోను పక్కింటివాళ్ళది. నా గదిలో ఎవరూ వచ్చి తీసుకోని రిపోర్టుల కట్ట ఒకటి ఉంటుంది. అందులో అన్నిటికన్నా పైన ఉండాల్సినవి లింఫోమాలు. స్లైడు చదవడంలో నేను పడే కష్టమంతా కలిపినా, ఆ మనిషిని మళ్ళీ పట్టుకోవడంలో పడే కష్టానికి సరిపోదు. అందుకని చీటీమీద రెండు ఫోను నంబర్లు, ఊరి ఆశా కార్యకర్త పేరు రాయించండి. పాథాలజిస్టు ఇలాంటివి అడగడం ఏమిటని కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

రిపోర్టు చేతికిచ్చే రోజు కూడా ఒక పరీక్షే. ‘రోసాయ్-డార్ఫ్‌మన్’ అంటే రాయదుర్గం నుంచి వచ్చిన తండ్రికి ఏం అర్థమవుతుంది? ఆయన అడిగేది రెండే. ‘అంటుకుంటాదా సార్? పిల్లకు పెండ్లికి అడ్డమొస్తాదా?’ టీబీ అన్న మాట ఇంటర్ చదివే ఆడపిల్ల మీద పడితే ఊళ్ళో అది ఎంతకాలం ఉంటుందో మీకు తెలుసు. టీబీ అయితే ధైర్యంగా టీబీ అనే చెబుదాం, నయమవుతుందనీ చెబుదాం. కాకపోతే, అది కాదని అంతే గట్టిగా చెప్పే బాధ్యత మనది.

కికుచి అని తేలిన అమ్మాయికి ఇంకొకటి చెప్పాలి. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో కొందరికి ఏళ్ళ తరవాత, రక్షణ వ్యవస్థ తనమీద తానే తిరగబడే లూపస్ బయటపడుతుంది. కాబట్టి గడ్డ పోయింది కదా అని ఫైలు మూసెయ్యకుండా, కీళ్ళనొప్పులు, ముఖం మీద ఎర్రదద్దులు, మళ్ళీ జ్వరం వస్తే రమ్మనండి. వచ్చేటప్పుడు పాత కాగితం తెమ్మనండి. ఆ కాగితం మీద జబ్బు పేరు, తేదీతో పాటు మైనపు దిమ్మ నంబరు కూడా పెద్ద అక్షరాలతో రాయండి. అప్పటికి నేను ఉద్యోగంలో ఉండకపోవచ్చు, మీలో ఒకరు ఉంటారు. దిమ్మ తీసి కొత్త స్లైడు కోయించి, నేను రాసింది పక్కనబెట్టి, మొదటిసారి చూస్తున్నట్టు చూడండి. నాతో ఏకీభవించకపోతే రిపోర్టు మార్చి రాయండి.